పెద్దవాళ్లలో ఆటిజం: మెదడు కొలతల్లో తేడా ఉన్నా ఎమ్మారై ‘నార్మల్’ ఎందుకు వస్తుంది?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల తెలుగు కుటుంబాలు మెదడు స్కానింగ్ అనగానే విశాఖ రైలెక్కడం మామూలే. పాతికేళ్ల కొడుకు చిన్నప్పటి నుంచి ఎవరితోనూ కలవడు, అడిగిందే అడుగుతాడు, కుక్కర్ విజిల్‌కి చెవులు మూసుకుంటాడు. ఎవరో ‘ఆటిజం కావచ్చు’ అన్నారు. వేల రూపాయలు పోసి ఎమ్మారై తీయిస్తే కింద ‘నార్మల్ స్టడీ’ అని రాసి ఇస్తారు. కొందరి ఇళ్లలో దానికి ‘మెదడులో ఏమీ లేదట, అంతా వాడి మొండితనమే’ అని అర్థం చెప్పుకుంటారు. ఇంకొందరు ఆటిజం ఉన్నవాళ్ల మెదడు నిర్మాణం వేరుగా ఉంటుందని ఎక్కడో చదివి, ఈ స్కాన్ సరిగ్గా తీయలేదని ఇంకా పెద్ద మెషీన్ కోసం ఇంకో ఊరు బయల్దేరతారు.

రెండూ పొరపాటే. ఆటిజం ఉన్న పెద్దవాళ్ల మెదడులో నిర్మాణపరమైన తేడాలు ఉన్నాయి, పెద్ద అధ్యయనాల్లో అవి మళ్లీ మళ్లీ బయటపడ్డాయి. అయితే వందల మందిని ఒకవైపు, వందల మందిని మరోవైపు పెట్టి సగటు తీస్తేనే అవి తేలతాయి. ఒక మనిషి ఫిల్ము పట్టుకుని ‘ఇదిగో ఇక్కడ ఉంది ఆటిజం’ అని చూపించగల డాక్టరు ప్రపంచంలో ఎక్కడా లేరు. ఈ ఒక్క సంగతి ముందే తెలిస్తే చాలా కుటుంబాలకు డబ్బూ కాలమూ మిగులుతాయి.

ఆసుపత్రి స్కాన్ వేరు, పరిశోధన స్కాన్ వేరు

మామూలు ఆసుపత్రి ఎమ్మారైలో మెదడును దాదాపు 5 మిల్లీమీటర్ల మందం ముక్కలుగా చిత్రిస్తారు. గడ్డ ఉందా, రక్తస్రావం జరిగిందా, పాత స్ట్రోకు మచ్చ ఉందా, నీరు చేరిందా, పుట్టుకతో ఏ భాగమైనా ఏర్పడలేదా అని రేడియాలజిస్టు కంటితో వెతుకుతారు. ‘నార్మల్ స్టడీ’ అంటే ఇవేవీ లేవని అర్థం, అంతకుమించి ఏమీ లేదు.

పరిశోధనలో తీసే చిత్రం ఇంకో రకం. మెదడు మొత్తాన్ని ఒక్కో మిల్లీమీటరు ఘనాలుగా విడగొట్టి ఐదు నుంచి ఏడు నిమిషాలు ఆపకుండా తీస్తారు. తర్వాత ఒక సాఫ్ట్‌వేర్ మెదడు పైపొరను, అంటే కార్టెక్స్‌ను, సాధారణంగా 68 భాగాలుగా గీసి ఒక్కోదాని మందం, వైశాల్యం, ఘనపరిమాణం లెక్కగడుతుంది. లోపలి భాగాలైన అమిగ్డలా, పుటామెన్, పాలిడమ్ లాంటివాటిని విడిగా కొలుస్తుంది. ఆ అంకెలను వయసు, లింగం, తల మొత్తం పరిమాణం, స్కానర్ రకం బట్టి సరిదిద్దాకే రెండు గుంపులను పోలుస్తారు.

పెద్దవాళ్లలో కార్టెక్స్ మందం సగటున రెండున్నర మిల్లీమీటర్లు. ఆటిజం ఉన్నవాళ్ల గుంపుకీ లేనివాళ్ల గుంపుకీ మధ్య తేలే తేడా మిల్లీమీటరులో వందో వంతులు కొన్ని మాత్రమే. ఎంత అనుభవం ఉన్న కంటికైనా అది అందదు. 1.5 టెస్లా (టెస్లా అంటే అయస్కాంత శక్తికి కొలత) మెషీన్ బదులు 3 టెస్లా మెషీన్‌లో తీస్తే బొమ్మ స్పష్టంగా వస్తుంది గానీ ఈ చిక్కు తీరదు, ఎందుకంటే అసలు ఇబ్బంది బొమ్మ స్పష్టతలో లేదు.

తేడా ఎంత?

2018లో ఎనిగ్మా అనే అంతర్జాతీయ బృందం 49 కేంద్రాల స్కాన్లను ఒకచోట చేర్చింది. ఆటిజం ఉన్నవాళ్లు 1,571 మంది, లేనివాళ్లు 1,651 మంది, వయసు 2 నుంచి 64 ఏళ్ల దాకా. ఆటిజం ఉన్న గుంపులో అమిగ్డలా, పుటామెన్, పాలిడమ్, న్యూక్లియస్ అక్యుంబెన్స్ సగటున కొంచెం చిన్నవి. నుదుటి వెనక ఉండే ఫ్రంటల్ భాగాల్లో కార్టెక్స్ కొంచెం మందం ఎక్కువ, చెవి పక్కనుండే టెంపొరల్ భాగాల్లో కొంచెం తక్కువ. భావోద్వేగాల్లో, కదలికల్లో, అలవాట్లలో, ముఖాలూ మాటలూ గుర్తుపట్టడంలో పాలుపంచుకునే భాగాలే ఇవన్నీ. కాబట్టి ఫలితం అర్థవంతమైనదే.

ఇక పరిమాణం చూద్దాం. రెండు గుంపుల సగటుల మధ్య దూరాన్ని, జనంలో సహజంగా ఉండే హెచ్చుతగ్గులతో భాగించి చెప్పే కొలతను కోహెన్ డీ అంటారు. కార్టెక్స్ మందంలో ఈ అధ్యయనానికి వచ్చిన గరిష్ఠ విలువ సుమారు 0.2. లోపలి భాగాల్లో 0.13 దగ్గరే ఆగింది. 0.2 అంటే రెండు గుంపుల కొలతలు నూటికి 92 పాళ్లు ఒకదానిమీద ఒకటి పడి ఉంటాయి. ఆటిజం ఉన్న ఒకరిని, లేని ఒకరిని ఊరికే ఏరి పక్కపక్కన నిలబెడితే, అనుకున్న వైపే తేడా కనిపించేది వంద జతల్లో సుమారు 56లో. మిగతా 44 జతల్లో తిరగబడి ఉంటుంది. మగవాళ్ల, ఆడవాళ్ల ఎత్తు తీసుకోండి: ఇలాగే జతలు కడితే నూటికి 90 జతల్లో మగమనిషే పొడుగు. అంత తేడా ఉన్నచోట కూడా ఎత్తు చూసి ఆడా మగా తేల్చం. 56కీ 44కీ మధ్య ఉన్న తేడాతో ఒక కుర్రాడి జీవితాన్ని తేల్చడం కుదరదు.

పిల్లల మెదడు గురించి చెప్పింది పెద్దలకు ఎందుకు సరిపోదు

‘ఆటిజం ఉంటే మెదడు పెద్దదిగా ఉంటుంది’ అనే మాట చాలా ప్రచారంలో ఉంది. దానికి పునాది లేకపోలేదు. 1943లో లియో కానర్ మొదటిసారి 11 మంది పిల్లలను వర్ణించినప్పుడే వారిలో ఐదుగురి తలలు పెద్దవని రాశాడు. 2001లో ఎరిక్ కోర్షేన్ బృందం 2 నుంచి 4 ఏళ్ల మగపిల్లల స్కాన్లు చూసి, ఆటిజం ఉన్న ఆ వయసు మగపిల్లల్లో నూటికి 90 మందికి మెదడు పరిమాణం సగటుకన్నా ఎక్కువుందని చెప్పింది. 2017లో హీథర్ హాజ్లెట్ బృందం, అన్నకో అక్కకో ఆటిజం ఉన్న పసిపిల్లలను పుట్టిన ఆరు నెలల నుంచి వెంబడించింది. తర్వాత ఆటిజం నిర్ధారణ అయిన పిల్లల్లో 6 నుంచి 12 నెలల మధ్య కార్టెక్స్ వైశాల్యం వేగంగా విస్తరించింది, ఆ తర్వాతి ఏడాదిలో మెదడు పరిమాణం పెరిగింది.

అయితే ఆ తొందర పెరుగుదల అలాగే సాగదు. బాల్యం మధ్యకు వచ్చేసరికి నెమ్మదిస్తుంది, మిగతా పిల్లలు అందుకుంటారు. పెద్దవాళ్లయ్యేసరికి మొత్తం పరిమాణంలో చెప్పుకోదగ్గ తేడా చాలామందిలో మిగలదు. ఆటిజం ఉన్న మగపిల్లల్లో సుమారు 15 శాతం మందికి ఒంటికి మించి మెదడు పెద్దదిగా ఉంటుందని తేలింది గానీ, అదొక ఉపవర్గం మాత్రమే. 2014లో జిలిన్స్కీ బృందం 3 నుంచి 36 ఏళ్ల వయసు మగవాళ్లను ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ స్కాన్ చేసింది. కార్టెక్స్ మందం బాల్యంలో వేగంగా పెరిగి, పెద్ద పిల్లల వయసులో, కౌమారంలో మామూలుకన్నా వేగంగా పలచబడి, యవ్వనంలో ఆ పలచబడటం నెమ్మదించిందని వాళ్లు చూశారు. అంటే ఎనిమిదేళ్ల పిల్లవాడిలో ‘ఎక్కువ’గా కనిపించిన కొలత పద్దెనిమిదేళ్లకు ‘తక్కువ’గా, ముప్పై ఏళ్లకు ‘సమానం’గా కనిపించవచ్చు. ఏ వయసులో కొలిచారో చెప్పకుండా ‘మందం ఎక్కువ’ అనో ‘తక్కువ’ అనో రాసిన ఏ వార్తనూ నమ్మనక్కర్లేదు.

భయం, భావోద్వేగాలతో ముడిపడిన అమిగ్డలా దగ్గర ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. 2018లో అవినో బృందం చనిపోయినవారి 52 మెదళ్లలో అమిగ్డలా కణాలను లెక్కపెట్టింది. మామూలుగా చిన్నతనం నుంచి పెద్దతనానికి అక్కడ నాడీకణాల సంఖ్య పెరుగుతుంది. ఆటిజం ఉన్నవాళ్లలో చిన్నప్పుడు అవసరానికి మించి ఉండి, పెద్దయ్యేకొద్దీ తగ్గాయి. ఎందుకు తగ్గుతాయన్నది ఇంకా తేలలేదు. చిన్నప్పటి నుంచి ఆందోళనతో, భయంతో గడపడం వల్ల ఆ భాగం మీద భారం పడి ఉండవచ్చన్నది ఒక ఊహ. ఆ ఊహ నిజమైతే పెద్దవాళ్ల మెదడులో కనిపించే తేడాలో కొంత వాళ్లు బతికిన బతుకుది కూడా. బడిలో ఏడిపించడం, ఇంట్లో కొట్టడం, శబ్దాల మధ్య తప్పించుకునే దారి లేకపోవడం ఒంటికి ఏం చేస్తాయో ఈ రంగంలో ఇంకా తగినంత పని జరగలేదనే చెప్పాలి.

కణాల మధ్య కనెక్షన్ల విషయంలోనూ పిల్లల చిత్రమూ పెద్దల చిత్రమూ ఒకలా లేవు. నాడీకణాల మధ్య సందేశాలు దాటే చోట్లను సైనాప్స్‌లు అంటారు. ఎదిగే వయసులో మెదడు అక్కర్లేని సైనాప్స్‌లను కత్తిరించుకుంటుంది. 2014లో టాంగ్ బృందం చనిపోయినవారి మెదడు కణజాలాన్ని పరిశీలించగా, ఆటిజం లేని పిల్లల్లో బాల్యం చివరికి ఆ సాంద్రత దాదాపు సగం తగ్గింది, ఆటిజం ఉన్నవాళ్లలో 16 శాతమే తగ్గింది. దీన్ని బట్టి ‘ఆటిజం అంటే సైనాప్స్‌లు ఎక్కువ ఉండటం’ అని చాలామంది రాసేశారు. 2024లో బతికున్న పెద్దవాళ్లలో తొలిసారి పెట్ స్కాన్‌తో, అంటే ఒంట్లోకి కొద్దిగా రేడియోధార్మిక పదార్థం ఎక్కించి తీసే స్కాన్‌తో, సైనాప్స్‌ల సాంద్రత కొలిచారు. 12 మంది ఆటిజం ఉన్నవాళ్లలో అది, 20 మంది లేనివాళ్లతో పోలిస్తే 17 శాతం తక్కువ వచ్చింది. చిన్న అధ్యయనమే అయినా, పిల్లల కణజాలంలో చూసిందాన్ని పెద్దలకు అంటగట్టడం ఎంత ప్రమాదమో దీంతో స్పష్టమైంది.

ఒకచోట వచ్చిన ఫలితం ఇంకోచోట ఎందుకు రాదు

చిన్న మెదడు, అంటే సెరిబెల్లంలో వెర్మిస్ అనే మధ్య భాగం ఆటిజంలో చిన్నదిగా ఉంటుందని 1988లో కోర్షేన్ ప్రకటించినప్పుడు పెద్ద సంచలనమైంది. తెలివితేటల స్థాయి ఒకేలా ఉన్నవాళ్లతో పోల్చిన తర్వాతి అధ్యయనాల్లో అది నిలకడగా రాలేదు. రెండు అర్ధగోళాలను కలిపే కార్పస్ కలోసం సన్నగా ఉంటుందని చిన్న అధ్యయనాలు చాలాకాలం చెబుతూ వచ్చాయి. 2015లో 694 మంది స్కాన్లతో చూస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు.

కారణాల్లో అన్నిటికన్నా మొండిది తల కదలిక. ఆటిజం ఉన్నవాళ్లు స్కానర్‌లో కొంచెం ఎక్కువ కదులుతారు. ఆ గోల, ఆ ఇరుకు అలాంటివి. తల కదిలితే సాఫ్ట్‌వేర్ కార్టెక్స్‌ను ఉన్నదానికన్నా పలచగా లెక్కగడుతుంది. నరాల తంతువుల స్కాన్లలో, రెండు గుంపుల కదలికను సమానం చేసి చూస్తే అంతకుముందు కనిపించిన తేడాల్లో చాలావరకు మాయమయ్యాయి. మెదడు తేడా అని రాసుకున్నదాంట్లో కొంత భాగం, మెడ కదిలిన తేడా అన్నమాట.

ఇంకో లోపం ఎవరిని స్కాన్ చేశారన్నది. కదలకుండా పడుకోగలిగినవాళ్లు, మాట అర్థమయ్యేవాళ్లు, ఎక్కువగా మగవాళ్లు, ఎక్కువగా అమెరికా, ఐరోపా వాళ్లు. మాట రాని పెద్దలు, మేధోపరమైన వైకల్యం కూడా ఉన్నవాళ్లు ఈ లెక్కల్లో దాదాపు లేరు. 2013లో లాయ్ బృందం నాలుగు గుంపుల్లో ముప్పైమంది చొప్పున 120 మంది పెద్దలను చూస్తే, ఆటిజం ఉన్న ఆడవాళ్లలో తేడా కనిపించిన చోట్లు మగవాళ్లలో కనిపించిన చోట్లతో దాదాపు కలవలేదు. వీటికి తోడు మందులు. చిరాకు, కోపం తగ్గించడానికి ఇచ్చే రిస్పెరిడోన్ లాంటివి ఏళ్ల తరబడి వాడితే మెదడు కొలతలు కొంత మారవచ్చు, దాన్ని ఆటిజం తేడా నుంచి విడదీయడం కష్టం.

‘90 శాతం కచ్చితత్వం’ వెనక లెక్క

2010లో లండన్‌లో క్రిస్టీన్ ఎకర్ బృందం, ఆటిజం ఉన్న 20 మంది పెద్దవాళ్లను, లేని 20 మందిని కంప్యూటర్ చేత వేరు చేయించింది. ఆటిజం ఉన్నవాళ్లను గుర్తించడంలో 90 శాతం, లేనివాళ్లను లేరనడంలో 80 శాతం దాకా సరిగ్గా వచ్చింది. ‘పదిహేను నిమిషాల స్కాన్‌తో ఆటిజం నిర్ధారణ’ అని పత్రికలు రాశాయి. ఇలాంటి అంకె చూపించి ఎవరైనా డబ్బు అడిగితే ఈ లెక్క వేసి చూడండి.

వెయ్యి మంది ఉన్నారు. వాళ్లలో పది మందికి ఆటిజం ఉందనుకుందాం. 90 శాతం పట్టుకుంటే తొమ్మిది మంది దొరుకుతారు. మిగతా 990 మందిలో 80 శాతాన్ని సరిగ్గా వదిలేస్తే, 20 శాతం, అంటే 198 మంది తప్పుగా పడతారు. మొత్తం ‘ఆటిజం ఉంది’ అని తేలినవాళ్లు 207 మంది, నిజంగా ఉన్నవాళ్లు అందులో తొమ్మిది. నూటికి నలుగురు. ఆటిజం అనుమానంతోనే వచ్చినవాళ్లలో ఈ నిష్పత్తి మెరుగ్గానే ఉంటుంది గానీ, పద్ధతి కూడా పెద్ద సంఖ్యల ముందు నిలబడలేదు. తర్వాత ఏబైడ్ అనే ఉమ్మడి భాండారంలోని, ఆటిజం ఉన్న 500 మందికి పైగా, లేని 500 మందికి పైగా స్కాన్లతో మెదడు నిర్మాణం ఒక్కదాన్నే బట్టి వేరుచేయబోతే కచ్చితత్వం 60 శాతం దాటలేదు. బొమ్మా బొరుసూ వేస్తే 50 వస్తుంది.

బ్రిటన్ వైద్య మార్గదర్శక సంస్థ నైస్, 2012లో పెద్దల ఆటిజం గురించి ఇచ్చిన సూచనల్లో, నిర్ధారణ కోసం మెదడు స్కాన్లను మామూలుగా వాడవద్దని చెప్పింది ఇందుకే.

ఎమ్మారై నిజంగా ఎప్పుడు కావాలి

ఫిట్స్ ఉంటే కావాలి. ఆటిజంతో పాటు మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్లలో నూటికి ఇరవై మందికి పైగా మూర్ఛ ఉంటుంది, ఆ వైకల్యం లేనివాళ్లలో ఎనిమిది మంది దాకా. చూపు నిలిచిపోయి కొన్ని సెకన్లు పలకకపోవడం కూడా ఫిట్స్ కావచ్చు, దానికి ముందు ఈఈజీ, అంటే మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష, తీస్తారు. ఒంటి మీద ఆకు ఆకారంలో తెల్లమచ్చలు, ముక్కు పక్కన బొడిపెలు, ఫిట్స్ కలిసి ఉంటే ట్యూబరస్ స్క్లిరోసిస్ అనే జన్యు జబ్బేమో చూడాలి. ఆ జబ్బు ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి ఆటిజం ఉంటుంది, మెదడులోనూ మూత్రపిండాల్లోనూ గడ్డలు పెరగొచ్చు. ఒకవైపు చెయ్యీ కాలూ బలహీనపడటం, నడక కొత్తగా చెడటం, వాంతులతో తలనొప్పి, ఉన్న మాట పెద్దయ్యాక ఉన్నట్టుండి పోవడం, గంటల తరబడి ఒకే భంగిమలో బిగుసుకుపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకూడదు. ‘ఆటిజం కదా, అలాగే ఉంటారు’ అని డాక్టరే అన్నా మళ్లీ అడగాలి.

తీయించాల్సి వస్తే తయారీ ముఖ్యం. మెషీన్ చప్పుడు వంద డెసిబెల్స్ దాటుతుంది, పరీక్ష ఇరవై నుంచి ముప్పై నిమిషాలు. ఆ చప్పుడు ఫోన్‌లో సంపాదించి కొన్ని రోజుల ముందు నుంచి మొదట చిన్నగా, తర్వాత పెద్దగా వినిపించాలి. మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, తలకి రెండు వైపులా దిండ్లు పెట్టి, మొదట రెండు నిమిషాలు, తర్వాత ఐదు, పది చేయించాలి. తాయెత్తు, వెండి మొలతాడు, కడియం లాంటివి ఎప్పుడూ తీయని మనిషైతే వాటిని విప్పడమే పెద్ద గొడవ అవుతుంది, అక్కడికి వెళ్లాక కాకుండా ఇంటి దగ్గరే విప్పించి అలవాటు చేయాలి. ఇయర్ ప్లగ్గులు అడగాలి. మత్తు ఇచ్చి తీసేటట్టయితే ఎన్ని గంటలు ఏమీ తినకూడదో, తాగకూడదో ముందురోజే కనుక్కోవాలి, ఫిట్స్ మందు మానెయ్యాలా వేసుకోవాలా అన్నది కూడా.

రిపోర్టులో ‘అరక్నాయిడ్ సిస్టు’ లాంటి మాట కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. నీటి తిత్తి లాంటి అది పెద్దవాళ్లలో నూటికి ఒకరిద్దరిలో యథాలాపంగా బయటపడుతుంది. చాలావరకు దానితో ఇబ్బందీ ఉండదు, ఆటిజానికి అది కారణమూ కాదు. రంగురంగుల ‘బ్రెయిన్ మ్యాపింగ్’ బొమ్మలు, పెట్ స్కాన్ బొమ్మలు ముందు పెట్టి, ఈ భాగం పనిచేయడం లేదు, స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే బాగవుతుంది అంటే అక్కడి నుంచి లేచి రావాలి. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్సను సిఫారసు చేయడం లేదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే ప్రకటించింది. పొలం అమ్మి లక్షలు పోయడానికి అందులో ఆధారం లేదు.

స్కాన్ చెప్పనిది ఎవరు చెబుతారు

పెద్దవాళ్లలో నిర్ధారణ రెండు విషయాల మీద నిలబడుతుంది: ఇప్పుడు మనిషి ఎలా ఉన్నాడు, చిన్నప్పుడు ఎలా ఉండేవాడు. రెండోది చెప్పగలిగేది అమ్మ, నాయనమ్మ, మేనత్త. పేరు పెట్టి పిలిస్తే తిరిగేవాడా? చందమామను చూపిస్తే వేలి వైపు కాకుండా ఆకాశం వైపు చూసేవాడా? తనకు నచ్చినదాన్ని ‘అదిగో’ అని వేరేవాళ్లకు చూపించేవాడా? విన్న మాటనే తిరిగి అనేవాడా? ఆకలేస్తే ‘నాకు’ అనాల్సిన చోట ‘నీకు ఆకలేస్తోంది’ అనేవాడా? తోటి పిల్లలతో ఉత్తుత్తి వంటలు, పెళ్లిళ్లు ఆడేవాడా? ఏ వయసులో ఏది మొదలైందో, ఉన్నదేదైనా పోయిందో ఒక కాగితం మీద తెలుగులోనే రాసుకుని వెళ్లాలి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా ఉండే మన ప్రాంతంలో ‘రెండు భాషల వల్లే మాట ఆలస్యమైంది’ అని కొట్టిపారేయడం మామూలు. రెండు భాషల ఇళ్లలో పెరగడం వల్ల ఆటిజం ఉన్న పిల్లల మాట ఇంకా వెనకబడుతుందని పరిశోధనల్లో తేలలేదు. పైగా భాష ఆలస్యం ఒక్కటే ఆటిజం కాదు, వేలుతో చూపించడం, చూపు కలపడం ఏ భాషా రాకముందే వస్తాయి. డాక్టరు ఒడియాలో అడుగుతుంటే అమ్మ సగం చెప్పి ఊరుకుంటుంది. రెండు భాషలూ వచ్చినవాళ్లు ఒకరు పక్కన కూర్చుని ఆమె మాటలను ఉన్నవి ఉన్నట్టు చెప్పాలి, సర్ది చెప్పకూడదు.

2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. సర్టిఫికెట్ కోసం వాడే ఇసా స్కేల్‌లో, అంటే ఆటిజాన్ని అంచనా వేసే భారతీయ ప్రశ్నావళిలో, 40 అంశాలుంటాయి. సామాజిక సంబంధాలు, భావోద్వేగాలు, మాట, ప్రవర్తన, ఇంద్రియ స్పందనలు, ఆలోచన అనే ఆరు విభాగాల్లో ఒక్కో అంశానికి 1 నుంచి 5 దాకా మార్కులు, 70 నుంచి ఆటిజంగా లెక్క. ఆ నలభైలో ఒక్కటి కూడా మెదడు స్కాన్ గురించి కాదు. అన్నీ మనిషిని చూసి, ఇంట్లోవాళ్లను అడిగి నింపేవే. నివాస పత్రం గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాలదైతే దరఖాస్తు ఆ జిల్లా ప్రభుత్వ వైద్యాధికారుల దగ్గరే పెట్టుకోవచ్చు, విశాఖ వెళ్లనక్కర్లేదు. అక్కడ ఇచ్చిన సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుంది.